చెన్నపట్నము నుండి ఒక్క పగటి ప్రయాణము: పక్షులు, పాత రేవులు, రాతి ఏనుగులు

మన పూర్వికులలో అధికులు భారతదేశమును కడసారి చూచినది చెన్నపట్నపు ఇసుక ఒడ్డు నుండియే. 1860 నవంబరు 16న డర్బను చేరిన ‘ట్రూరో’ అను ఓడ అక్కడి నుండియే బయలుదేరినది. అది మొదలు 1911 వరకు నాటాలునకు వచ్చిన 1,52,184 మంది ఒప్పంద కూలీలలో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఆ రేవులోనే ఓడ ఎక్కినారు. అందువలన మన పిల్లలు భారతదేశమునకు పోవునప్పుడు “చెన్నైలో మనవాళ్లు ఓడ ఎక్కిన చోటు ఎక్కడ?” అని అడుగుట సహజము. ఆ ప్రశ్నకు జవాబు కొంత నిరాశ కలిగించును. అప్పటికి ఓడలు ఒడ్డుకు ఆనుకొని నిలుచు రేవు అక్కడ లేదు. మేకులు లేకుండ, పలకలను కొబ్బరిత్రాటితో కుట్టి చేసిన మసూలా పడవలలో మనుషులను అలల మీదుగా దూరమున నిలిచిన ఓడకు చేర్చెడివారు. నేడు సెయింట్ జార్జి కోట ఎదుట సముద్రమును పూడ్చి కట్టిన పెద్ద ఓడరేవు ఉన్నది. ఆనాటి ఒడ్డు దాని కింద మరుగైపోయినది.

కనుక నగరములోనే తిరుగుచు పూర్వికుల జాడ వెదకుట కంటె, ఒకటి రెండు దినములు నగరమును విడిచి వెలుపలికి పోవుట మేలని మా అభిప్రాయము. మా ఆలయ సంఘము తరఫున తిరుపతి యాత్రకు పోవువారు చాలమంది చెన్నైలోనే విమానము దిగుదురు. దర్శనము ముగిసిన పిమ్మట రెండు మూడు దినములు మిగులును. ఆ దినములు బజారులలో పట్టుచీరలకే ఖర్చగుచున్నవి. పట్టుచీరలు కొనవద్దని మేము చెప్పము. చెప్పినను ఎవరును వినరు. అయితే ఉదయము బయలుదేరి రాత్రికి తిరిగి రాదగిన దూరములో ఏమేమి ఉన్నవో తెలిసినచో, వాటిలో ఒక దినమైనను వేరువిధముగా గడపవచ్చునని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా నగరము పేరు. మన ముసలివాళ్లు మద్రాసు అనక ‘చెన్నపట్నము’ అనెడివారు. 1639లో ఆంగ్ల వర్తకులకు కోట కట్టుకొనుటకు ఆ తీరభూమిని ఇచ్చినవాడు చంద్రగిరి రాజులకు సామంతుడైన దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన తెలుగు నాయకుడు. తన తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీద ఆ ఊరు చెన్నపట్నమైనది. తమిళనాడు రాజధాని పేరులో ఒక తెలుగు తండ్రి పేరు నిలిచి ఉన్నదని మన పిల్లలకు చెప్పవలెను.

ఇక మొదటి ప్రయాణము ఉత్తర దిక్కుకు. మాకు ఒక్క దినము మాత్రమే ఉన్నచో ఇదే ఎన్నుకొందుము.

చెన్నైకి ఉత్తరమున సుమారు 60 కిలోమీటర్ల దూరములో పులికాట్ అను ఊరు ఉన్నది. తమిళులు దానిని పళవేర్కాడు అందురు. ఆ ఊరి పేరుననే పిలువబడు సరస్సు అక్కడ మొదలై ఉత్తరముగా సుమారు 60 కిలోమీటర్లు సాగును. సరస్సులో చాల భాగము ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. దానికి తెలుగులో ‘ప్రళయ కావేరి’ అని అందమైన పాత పేరు ఒకటి కలదు. ఒడిశాలోని చిలికా తరువాత భారతదేశములో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. నిజమునకు అది పూర్తిగా ఉప్పునీరు కాదు. దక్షిణమున ఆరణి నది, వాయవ్యమున కాళంగి నది మంచినీటిని తెచ్చును. సముద్రపు పోటు ఉప్పునీటిని లోపలికి తోయును. రెండును కలిసిన ఆ నీటిలో రొయ్యలు, పీతలు, చేపలు పెరుగును. సరస్సుకు, బంగాళాఖాతమునకు నడుమ అడ్డుగా పడుకొని ఉన్న పొడవైన దీవి శ్రీహరికోట. రాకెట్లు ఎగురు చోటు అదే. అనుమతి లేనిదే ఆ అంతరిక్ష కేంద్రములోనికి పోనీయరు.

పులికాట్ ఊరిలో మొదట చూడవలసినది డచ్చివారి శ్మశానము. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1613లో ఇక్కడ గెల్డ్రియా అను కోటను కట్టి, 1690 వరకు కోరమండల్ తీరములోని తన వర్తకమునకంతకు ఈ ఊరినే ముఖ్యస్థానముగా ఉంచుకొన్నది. కోట ఇప్పుడు పొదలు మొలచిన దిబ్బ మాత్రమే. శ్మశానము మాత్రము పురావస్తు శాఖ సంరక్షణలో చెక్కుచెదరక ఉన్నది. ప్రవేశద్వారము వద్ద అస్థిపంజరములను చెక్కిన రాతి స్తంభములు చూపరులను నిలిపివేయును. లోపలి సమాధిరాళ్ల మీద పదిహేడవ శతాబ్దపు డచ్చి అక్షరములు లోతుగా చెక్కి ఉన్నవి. మా తరమువారు బడిలో ఇష్టము లేకున్నను ఆఫ్రికాన్స్ నేర్చుకొనవలసి వచ్చినది కదా, ఆ చదువు ఇన్నేండ్లకు ఇక్కడ అక్కరకు వచ్చినది. ‘బెగ్రావెన్’ అను మాట కనబడగానే “ఇక్కడ పూడ్చినారు” అని మాకు తెలిసిపోయినది. భారతదేశములోని ఒక చేపల పల్లెలో, దక్షిణాఫ్రికా తెలుగువాడు డచ్చి సమాధిరాయి చదువుట వింతయే.

ఆ వింత వెనుక ఒక విషాదము కలదు. పులికాట్ నుండి డచ్చివారు ఎగుమతి చేసినది నూలు బట్టలు మాత్రమే కాదు. పదిహేడవ శతాబ్దములో వేలాది మంది మనుషులను బానిసలుగా కొని ఈ తీరము నుండి బటేవియాకు, అనగా నేటి జకార్తాకు, పంపినారు. కరువు వచ్చిన ఏండ్లలో ఆ వర్తకము పెరిగెడిది, ఏలనన తిండి లేనివారు తమను తామే, తమ బిడ్డలను అమ్ముకొనెడివారు. కోరమండల్ తీరమువారు కేప్ ప్రాంతమునకును బానిసలుగా చేరినారు. కేప్ టౌన్ పాత పత్రములలో ‘వాన్ కోరమండల్’ అని ఊరి పేరే ఇంటిపేరుగా వ్రాయబడినవారు వీరే. అనగా మనవారు చెరకు తోటలకు వచ్చుటకు రెండు వందల ఏండ్ల ముందే ఈ తీరపు మనుషులు దక్షిణాఫ్రికాలో ఉన్నారు. వారిలో తమిళులెందరో, తెలుగువారెందరో వేరుచేసి చెప్పుట సాధ్యము కాదు. 1860 నుండియే మన చరిత్ర మొదలైనదని సభలలో చెప్పుకొనుచుందుము. పులికాట్ శ్మశానములో నిలుచున్నప్పుడు ఆ మాట కొంత సవరించుకొనవలసినదే అనిపించును. పేరు చెక్కిన రాళ్లన్నియు అమ్మినవారివి, కొన్నవారివి. అమ్ముడుపోయినవారికి అక్కడ ఒక్క రాయి కూడ లేదు.

ఆ ఊరిని, సరస్సును ఆనుకొని పోవు బకింగ్‌హాం కాలువను కూడ గమనింపవలెను. కాకినాడ వైపు నుండి చెన్నపట్నము దాటి దక్షిణముగా సాగిన ఉప్పునీటి కాలువ అది. మొదట 1806లో కొంత దూరము త్రవ్వినారు. తరువాత ముక్కముక్కగా పొడిగించినారు. 1876–78 నాటి ధాత కరువులో కరువు కూలీలను ఈ కాలువ పనులలో పెట్టినారు. ఆ ఏటి తెలుగు పేరు ధాత. అందుచేత కరువుకు కూడ ఆ పేరు నిలిచినది. మధ్యలో ఆగిన నాటాలు వలస 1874లో తిరిగి మొదలైనది. కాలువ త్రవ్వుటయా, ఓడ ఎక్కుటయా అన్నది ఆనాడు చాల కుటుంబముల ముందు నిలిచిన ప్రశ్న. ఇప్పుడా కాలువ చాలచోట్ల పూడి, తుంగ మొలచి ఉన్నది. చూచుటకు ఏమియు లేదని కారు నడుపువాడు అనవచ్చును. ఆపమని చెప్పి చూడవలెను.

పులికాట్ నుండి తిరిగి రహదారికి వచ్చి ఉత్తరముగా పోయినచో తడ వద్ద ఆంధ్రప్రదేశ్ మొదలగును. ఇది మన పాఠకులకు ముఖ్యమైన చోటు. అంతవరకు తమిళములో ఉన్న దుకాణముల పలకలు అక్కడ నుండి తెలుగులోనికి మారును. తెలుగు చదువుట క్రొత్తగా నేర్చుకొన్నవారు కారు కిటికీలో నుండి ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనుచు చదువుకొనవచ్చును: టీ కొట్టు, మందుల అంగడి, బస్సుల పేర్లు. పుస్తకములోని అక్షరము వీధిలో కనబడినప్పుడు కలుగు సంతోషము వేరు. అయితే చెవికి కొంత ఓపిక కావలెను. ఇది నెల్లూరు వైపు మాట. “ఎక్కడికి” అనుటకు “యాడికి” అందురు, “ఏమిటి” అనుటకు “ఏంది” అందురు. మనలో చాలమంది ఇండ్లలో మిగిలినది విశాఖపట్నము, గంజాము, గోదావరి జిల్లాల మాట. రెండును తెలుగే. పెద్దవారిని “అయ్యా”, “అమ్మా” అని, తమ యీడువారిని “అన్నా”, “అక్కా” అని పిలిచినచో, వ్యాకరణము తప్పినను ఎవరును నవ్వరు.

తడ దాటిన తరువాత సూళ్లూరుపేట. చెన్నై నుండి ఇది సుమారు 80 కిలోమీటర్లు. కారు వద్దనుకొన్నవారికి చెన్నై నుండి ఇక్కడికి లోకల్ రైళ్లు కూడ ఉన్నవి. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు దారి సరస్సు మధ్యగా వేసిన గట్టు మీద సాగును. అక్టోబరు నుండి మార్చి వరకు ఆ గట్టుకు ఇరువైపుల లోతు లేని నీటిలో ఫ్లెమింగోలు నిలిచి ఉండును. వేలకొలది రాదగిన పక్షులివి. అయితే ఏ దినమున ఎక్కడ నిలుచునో నీటి లోతును బట్టి మారును. కింబర్లీ వద్ద కామ్‌ఫర్స్ ఆనకట్టలో మనము చూచు గులాబి రంగు పక్షుల కుటుంబమే ఇది. తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి, అందులోని చిన్న ప్రాణులను, పాచిని తినును. ఆ తిండిలోని రంగే దాని రెక్కలకు ఎక్కును. పిల్ల పుట్టునప్పుడు బూడిద రంగులోనే ఉండును.

సూళ్లూరుపేటకు ఉత్తరమున, దొరవారిసత్రము దగ్గర నేలపట్టు ఉన్నది. 1976లో దీనిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించినారు. విస్తీర్ణము 459 హెక్టార్ల లోపు. క్రూగర్ వనమును చూచిన కండ్లకు ఇది ఒక తోట వలె కనబడును. అయినను గూడబాతులు గూడు కట్టు చోట్లలో దక్షిణ ఆసియాలోనే పేరుపొందినది ఇది. గూడబాతు అనగా ముక్కు కింద సంచి వేలాడు పెద్ద నీటిపక్షి. సెయింట్ లూసియాలో మనము చూచు పెలికానునకు దాయాది.

నేలపట్టును అర్థము చేసికొనుటకు పులికాట్‌ను కలిపి ఆలోచింపవలెను. గూడబాతు ఉప్పునీటి సరస్సులో గూడు కట్టదు. అక్కడ చెట్లు లేవు. నేలపట్టు చెరువు వాననీటిది. అందులో కడప చెట్లు అను ఒక జాతి చెట్లు నెలల తరబడి మొదలు మునిగి ఉన్నను చావక నిలుచును. చెట్టు చుట్టును నీరున్నచో నక్క, అడవిపిల్లి గూటి దరికి రాలేవు. కనుక గూడు నేలపట్టులో, వేట పులికాట్‌లో. తల్లిపక్షి సుమారు 20 కిలోమీటర్లు ఎగిరి పోయి చేపలను తెచ్చి పిల్లలకు పెట్టును. ఒకటి పురుడు పోసికొను పుట్టిల్లు, మరొకటి వంటిల్లు. ఈ రెండింటిలో ఏది ఎండినను మరొకటి ఉండి లాభము లేదు. వానలు లేని ఏట చెరువు నిండదు, పక్షులు రావు. ఇక సరస్సు వైపు మరొక కష్టము. రాయదొరువు మొదలైన ముఖద్వారములు ఇసుకతో పూడుకొనిపోవుచున్నవి. సముద్రపు నీరు లోపలికి రానిచో సరస్సు నిస్సారమై, చేప తగ్గును. ముఖద్వారములు త్రవ్వించుడని జాలరులు చాల ఏండ్లుగా అడుగుచున్నారు. వారి వల, గూడబాతు ముక్కు రెండును ఒకే నీటి మీద ఆధారపడి ఉన్నవి. ఈ సంగతి తెలిసి చూచినప్పుడు ఆ పక్షులు ఛాయాచిత్రము కొరకు నిలుచున్న వింతజంతువుల వలె కనబడవు.

గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు కూడ అక్కడ గూళ్లు కట్టును. ఈ పేర్లను బిగ్గరగా చదివి చూడుడు. నత్తగుల్లలను పగులగొట్టునది, తెడ్డు వంటి మూతి గలది, నీటిలో మునుగు కాకి. పక్షిని చూచిన పల్లెవాడు పెట్టిన పేరులో ఆ పక్షి చేయు పని ఉన్నది. తెలుగు తిరిగి నేర్చుకొనువారికి ఇంతకంటె మంచి పాఠము మేము ఇవ్వలేము.

దక్షిణ దిక్కుకు పోవు ప్రయాణము వేరు తీరుగా ఉండును. చెన్నైకి సుమారు 75 కిలోమీటర్ల దూరములో వేడంతాంగల్ ఉన్నది. తమిళములో ‘వేడన్’ అనగా వేటగాడు. మన ‘వేట’కు చుట్టమైన మాట. వేటగాళ్ల పల్లె అని ఊరి పేరుకు అర్థము. అటువంటి పేరు గల ఊరే పక్షులకు కాపలా కాయుట వింత. 30 హెక్టార్ల చిన్న చెరువు అది. పక్షుల రెట్ట పడిన చెరువునీరు పొలములకు ఎరువు అని ఆ ఊరి రైతులకు తరతరములుగా తెలియును. పూర్వము తెల్ల సిపాయిలు వచ్చి కొంగలను కాల్చుచుండగా ఊరివారు ఎదిరించినారనియు, 1798లో చెంగల్పట్టు కలెక్టరుగా ఉన్న లయొనెల్ ప్లేస్ ఆ చెరువు పక్షులను కాపాడుకొను హక్కును వారికి కౌలుగా వ్రాసి ఇచ్చినాడనియు చెప్పుదురు. 2020లో అభయారణ్యపు చుట్టుకొలతను తగ్గింపవలెనని ఒక ప్రతిపాదన వచ్చి, పెద్ద ఎత్తున వ్యతిరేకత ఎదురైనది. 2022లో ఆ చెరువు రామ్‌సర్ జాబితాలో చేరినది.

మన దేశములో అడవిజంతువులను చూచుట అనగా కంచె దాటి లోపలికి పోవుట. మనుషులొక వైపు, మృగములొక వైపు. ఆ కంచెలు వేయుటకు ఎవరిని ఏ నేల నుండి లేపినారో మనకు తెలియును. వేడంతాంగల్‌లో కంచె కాదు, ఒప్పందము ఉన్నది. కట్ట మీద నిలుచుంటే ఒక ప్రక్క పక్షుల కేకలు, ఇంకొక ప్రక్క వరిచేను. ఈ పద్ధతి అన్ని చోట్ల సాగునని మేము అనము. ఏనుగులతో ఇట్లు సాగదు. కాని చూడదగిన పద్ధతి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు, అదియును తెల్లవారుజామున గాని సాయంకాలము నాలుగు దాటిన తరువాత గాని పోవలెను. మధ్యాహ్నము పోయి “ఏమియు లేదు” అని తిరిగి వచ్చినవారిని ఎరుగుదుము.

మహాబలిపురమును గురించి ఎక్కువ వ్రాయము. యాత్రా సంస్థలవారందరు తీసికొనిపోవుదురు. ఏడు, ఎనిమిదవ శతాబ్దములలో పల్లవ రాజులు చెక్కించిన ఆ రాతి పనులు 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినవి. సముద్రపుటొడ్డు గుడి వద్ద అందరు ఛాయాచిత్రములు తీసికొని వెళ్లిపోవుదురు. మీరు మాత్రము అర్జున తపస్సు అను పెద్ద బండ ఎదుట అరగంట కూర్చొనుడు. ఆ బండ మీద ఏనుగుల గుంపు, తల్లి కాళ్ల నడుమ గున్న ఏనుగులు, కోతులు, లేళ్లు ఉన్నవి. ఏనుగుల దగ్గర ఒక పిల్లి వెనుక కాళ్ల మీద నిలిచి తపస్సు చేయుచున్నది. దాని చుట్టును ఎలుకలు నిర్భయముగా తిరుగుచున్నవి. దొంగ తపస్సును పన్నెండు వందల ఏండ్లకు పైగా ఎగతాళి చేయుచున్న ఆ పిల్లిని పిల్లలకు చూపించిన తరువాత వారిని అక్కడి నుండి కదల్చుట కష్టము.

మహాబలిపురము దారిలోనే 1976లో రోములస్ విటేకర్ స్థాపించిన మొసళ్ల కేంద్రము ఉన్నది. మొసళ్ల కంటె మాకు నచ్చినది అదే ఆవరణలో ఇరుళ గిరిజనులు 1978 నుండి నడుపుకొను సహకార సంఘము. పాము తోళ్ల వ్యాపారమును ప్రభుత్వము ఆపివేయగా వారి జీవనము పోయినది. అప్పుడు వారు తమ విద్యను మార్చుకొన్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటివాటిని చంపక పట్టి తెచ్చి, కుండలలో ఉంచి, కోరల నుండి విషము తీసి, తిరిగి అడవిలో విడిచిపెట్టుదురు. ఆ విషముతోనే పాముకాటు మందు తయారగును. విషము తీయుటను అక్కడ చూపింతురు.

పిల్లలు మరీ చిన్నవారై దూరము పోలేనిచో నగరము నడుమనే గిండీ జాతీయ వనము ఉన్నది, 2.7 చదరపు కిలోమీటర్ల చోటు, చుక్కల దుప్పులు, కృష్ణజింకలు. పూట సరిపోవును.

ప్రయాణమునకు పోవువారికి కొన్ని మాటలు. ఉత్తర దిక్కు ప్రయాణమునకు తెల్లవారి ఐదు గంటలకే బయలుదేరుడు. మొదట సూళ్లూరుపేట, నేలపట్టు చూచి, ఎండ ముదిరిన తరువాత పులికాట్ ఊరికి తిరిగి రండు. పక్షులు ఉదయము కనబడును, సమాధిరాళ్లు ఎప్పుడును ఉండును. దుర్భిణి తీసికొనిపొండు. తెల్లని, ఎర్రని బట్టలు వద్దు. గూళ్ల దగ్గర కేకలు వేయకుడు. తల్లిపక్షి లేచిపోయినచో కాకి గ్రుడ్డును ఎత్తుకొనిపోవును. పులికాట్‌లో పడవ ఎక్కువారు ప్రాణరక్షణ కవచము ఉన్న పడవనే ఎక్కవలెను, లేదన్నచో ఎక్కకుడు. భోజనము సూళ్లూరుపేటలో చేయుట మేలు.

బయలుదేరుటకు ముందే మీ పూర్వికుని వలస సంఖ్యను, ఓడ జాబితాలో వ్రాసిన జిల్లా, తాలూకా, ఊరు పేర్లను డర్బనులోనే కనుగొని ఒక కాగితము మీద తెలుగులో వ్రాసికొని పొండు. ఆంగ్ల గుమాస్తాలు వ్రాసిన ఊరి పేర్లు వంకరపోయి ఉండును. తడ దాటిన తరువాత టీ కొట్టులో పెద్దవారెవరికైనను ఆ కాగితము చూపి, పేరు బిగ్గరగా చదివి, “అయ్యా, ఈ పేరుతో ఊరు ఏ వైపు ఉంటుందండి?” అని అడిగి చూడుడు. కాగితము వ్రాయుటకు సహాయము కావలసినవారు ఆదివారము పూజ ముగిసిన తరువాత ఆలయ గ్రంథాలయములో మమ్ములను కలిసికొనవచ్చును.